నాలుగో మాట

టంగుటూరు దాటగానే బస్సు కిటికీలోంచి పొగాకు ఆరబెట్టే కొట్ల, అంటే బ్యారన్ల వాసన లోపలికి వచ్చింది. పచ్చి ఆకు వేడికి వాడి పసుపుకు తిరిగే వేళ వచ్చే ఆ తియ్యటి ఘాటు మా ప్రకాశం జిల్లావాళ్లకు తప్ప ఇంకెవరికీ నచ్చదు. పక్క సీటులోని పెద్దమనిషి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. నేను అద్దం ఇంకాస్త జరిపాను. మా వైపు బ్యారన్లు కాల్చే కాలమూ, గుళ్లో సిలువ ధ్యానాలు జరిగే కాలమూ ఒకటే. అందుకే ప్రభువు శ్రమలు తలుచుకుంటే నాకు ముందుగా పొగాకు గుర్తొస్తుంది. చిన్నప్పుడు నా ఊహలో ప్రభువును సిలువ వేసిన గొల్గొతా కొండ కూడా ఏదో ఒక బ్యారన్ వెనకాలే ఉండేది.

పాత గుడి పడగొట్టి స్లాబు గుడి కడుతున్నారని, ఒకసారి వచ్చి చూసి పొమ్మని అక్క ఫోను చేసింది. ఆ సంఘానికి మా బావే పాస్టరు. నేను గుడికి వెళ్లడం మానేసి చాలా కాలమైంది. పూర్తిగా మానేశానని కూడా చెప్పలేను. క్రిస్మస్‌కు వెళ్తాను, పెళ్లిళ్లకూ చావులకూ వెళ్తాను. ప్రభుభోజనం పళ్లెం నా దాకా వస్తే ముట్టకుండా పక్కవారికి అందిస్తాను. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. బస్సు దిగుతూనే ఒక సంఘ పెద్ద ఎదురై, వందనాలు చెప్పి, మంచినీళ్లు అడిగినంత మామూలుగా అడిగారు: "ఇంకా నమ్మడం లేదా, బాబూ?"

మంగళూరు పెంకులన్నీ దించి వేపచెట్టు కింద పేర్చారు. దూలాలు ఎండలో పడి ఉన్నాయి. కప్పు లేని గుడి నాకు చాలా చిన్నదిగా కనిపించింది. ఇందులో అంతమంది ఎలా పట్టేవాళ్లమో!

ఆ వేపచెట్టుకే రైలు పట్టా ముక్క ఒకటి వేలాడుతూ ఉండేది. అదే మా గంట. మొదటి గంటకు మగవాళ్లు బావి దగ్గరకు బయలుదేరేవారు. రెండో గంటకు ఆడవాళ్లు పొయ్యి ఆర్పేవారు. మూడో గంటకు అందరూ తాటాకు చాపల మీద ఉండాలి, మగవాళ్లు ఎడమ పక్క, ఆడవాళ్లు కుడి పక్క. హార్మోనియంలో ఒక మెట్టు పలికేది కాదు. ఆ స్వరం వచ్చే చోటల్లా వాయించే మాస్టారు గొంతు పెంచి పూడ్చేవారు. పిల్లలం కంఠత వాక్యం తప్పులేకుండా చెబితే రంగుల బొమ్మ కార్డు ఇచ్చేవారు. నా దగ్గర ఒక కట్ట పోగైంది. కోత పండుగ నాడు కానుకగా వచ్చిన కోళ్లూ గుమ్మడికాయలూ గుడి ముందే వేలం వేసేవారు. భక్తికి తోడు బావమరుదుల పంతం కూడా కలిస్తే ఒక్కోసారి గుమ్మడికాయ మేక ధర పలికేది. ఆ రోజుల్లో అనుమానం అనే మాటే నాకు తెలియదు. ఎండా వానా ఉన్నట్టే దేవుడు ఉన్నాడు.

మా నాయనమ్మ బైబిలు స్త్రీ. మిషన్ ఇచ్చే కొద్దిపాటి జీతానికి గొడుగు, గుడ్డసంచి, కంజీర పట్టుకుని పల్లె పల్లె తిరిగేది. వాకిట్లో కూర్చుని ఒక పాట పాడేది, ఒక కథ చెప్పేది, ఆ వంకన ఆడవాళ్లకు నాలుగు అక్షరాలు నేర్పేది. కథ మరిచిపోయినా అక్షరాలు మిగిలినవాళ్లు చాలామంది. ఆమె బైబిలుకు పాత ఖాకీ నిక్కరు గుడ్డతో అట్ట కుట్టుకుంది. ఆ నిక్కరు జేబు తీయకుండా అలాగే ఉంచి, అందులో పెన్సిలు ముక్క, కళ్లజోడు, రెండు మిరియాలు పెట్టుకునేది. మిరియాలు గొంతు బొంగురుపోతే నమలడానికి. రోజూ అన్నం వండే ముందు పిడికెడు బియ్యం తీసి గుడి కుండలో వేసేది, ఇంట్లో మర్నాటికి ఉన్నా లేకపోయినా.

ఆమె ప్రార్థన చాలా పొడుగు. మా ఇంటి నుంచి మొదలై, పాలేళ్లు, గొడ్లు, ఒంగోలు ఆసుపత్రి, అమెరికా దేశం, జైల్లో ఉన్నవాళ్లు, ఇంకా పుట్టనివాళ్లు అందరూ అయ్యేసరికి పొయ్యి మీద అన్నం మాడేది. 'ఆమెన్' అనే మాట కోసం నేను ఎదురు చూసినట్టు ప్రభువు రెండో రాకడ కోసం మా సంఘంలో ఎవరూ ఎదురు చూసి ఉండరు.

బడిలో మమ్మల్ని ఏడిపించే మాట ఒకటి ఉండేది: "మీ తాతలు గింజల కోసం కలిసినవాళ్లు." అది విని ఏడుస్తూ వస్తే నాయనమ్మ నన్ను గుండ్లకమ్మ ఒడ్డుకు తీసుకెళ్లి కూర్చోబెట్టి కథ చెప్పింది. 1876 నుంచి 1878 దాకా సాగిన పెద్ద కరవు. చెట్ల ఆకులు కూడా మిగలలేదు. ఒంగోలు బాప్టిస్టు మిషన్‌లో ఉన్న అమెరికా మిషనరీ క్లౌ దొరకు సర్వే పని తెలుసు. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని మన పల్లెల జనానికి పనీ కూలీ ఇచ్చాడు. కానీ కూలి డబ్బు చేతిలో పడుతున్నంత కాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కడుపు కోసం వచ్చారన్న మాట పడకూడదని ఆపేశాడు. కరవు పని ముగిశాకే మళ్లీ మొదలుపెట్టాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా నీళ్లలో దిగి, అలిసినప్పుడు మారుతూ ఇచ్చారు. అందులో ఒక చిన్నపిల్ల మా నాయనమ్మకు జేజమ్మ.

"గింజల కోసమే అయితే మాత్రం తప్పేమిటి?" అంది నాయనమ్మ చివర్లో. "తిండి పెట్టినవాడిని నమ్మక, ఎండగట్టినవాడిని నమ్ముతారా?"

ఆ జవాబు నాకు బ్రహ్మాండంగా నచ్చింది. ఆ కథలోనే ఇంకో ముల్లు ఉంది. ఆ చిన్నపిల్ల తండ్రి అదే కరవులో, గుండ్లకమ్మలోకి ఎవరూ దిగకముందే, తిండి లేక చనిపోయాడు. సండే స్కూల్లో లేచి నిలబడి పాస్టరుగారిని అడిగాను: "అయ్యగారూ, ఆయన నరకంలో ఉన్నాడా?" అయ్యగారు మంచివారే. కొంచెం ఆలోచించి, రక్షణకు వేరే మార్గం లేదని వాక్యం చెబుతోందని అన్నారు. మరి ఆయనకు ఆ వాక్యం ఎవరూ చెప్పలేదు కదా అన్నాను. కూర్చోమన్నారు. ఆ రోజు బొమ్మ కార్డు రాలేదు.

ఇంటికి వచ్చి నాయనమ్మను అడిగాను. బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చేట దించింది. "ఆకలితో చచ్చినవాడిని మళ్లీ కాల్చే దేవుడైతే ఆయన కోసం నేను ఇన్ని ఊళ్లు నడుస్తానా? పోయి ఆడుకో." సిద్ధాంతం తెలిసినవారు ఆ మాట ఒప్పుకోరు. నాకూ అది జవాబులా అనిపించలేదు. ఆమె దేవుడూ, అయ్యగారి దేవుడూ ఒక్కరేనా అనే సందేహం మాత్రం అక్కడే మొదలైంది.

మా శాఖలో పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. ఊహ తెలిశాక, పెద్దల ముందు కూర్చుని రక్షణ అనుభవం చెప్పుకుంటే నీళ్లలోకి దించుతారు. అందరి సాక్ష్యాలూ ఒకే తీరుగా ఉండేవి. ఫలానా కూటంలో వాక్యం వింటుండగా గుండె పొడిచినట్టయింది, కన్నీళ్లు వచ్చాయి, పాపభారం దిగిపోయింది. నా వంతు వచ్చింది. పెద్దలు బల్ల మీద, నేను చాప మీద. "నీకు ఎప్పుడు మారుమనస్సు కలిగింది?" అంటే, "నాకు అలా ఏమీ అనిపించలేదండీ, ప్రభువంటే ఇష్టమే గానీ" అన్నాను. పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అందరిలోకీ ముసలాయన గొంతు సవరించుకుని, "బైబిలమ్మ మనవడు, రాయండి" అన్నారు. రాసేశారు.

గుండ్లకమ్మ నీళ్లు మోకాలి లోతే ఉన్నాయి ఆ ఏడు. నన్ను పూర్తిగా ముంచడానికి అయ్యగారు దాదాపు పడుకోబెట్టాల్సి వచ్చింది. లేచేసరికి ఒడ్డున పాట, చెవుల్లో ఇసుక. పరలోకం తెరుచుకుంటుందేమోనని నిజంగానే పైకి చూశాను. ఒక గద్ద తిరుగుతోంది.

తమ్ముడికి జ్వరం వచ్చింది పొగాకు ఆకు దించే రోజుల్లోనే. మొదట మామూలు జ్వరమే అనుకున్నాం. తర్వాత మెడ పట్టేసింది, ఫిట్స్ వచ్చాయి. పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకెళితే మెదడువాపు అన్నారు. కొన్నాళ్లకు, ఇక ఇంటికి తీసుకెళ్లమన్నారు. ఆ సమయంలో మా వైపు కూటాలు పెట్టడానికి దూరం నుంచి ఒక ప్రసంగీకుడు వచ్చి ఉన్నాడు. ఆయనను పిలిపించారు. నూనె రాసి, నెత్తి మీద చెయ్యి పెట్టి, ఇంట్లో అందరూ ఉపవాసం ఉండాలని, విశ్వాసంతో అడిగితే పిల్లవాడు లేచి నడుస్తాడని చెప్పాడు. ఉపవాసం ఉన్నాం. నేను నీళ్లు కూడా తాగలేదు. నాలుక పిడచకట్టుకుపోయింది. రాత్రంతా తమ్ముడి కాలి బొటనవేలు పట్టుకుని కూర్చున్నాను. కదిలితే ముందు నాకే తెలియాలని.

తమ్ముడు దక్కలేదు.

భూస్థాపన అయ్యాక అదే ప్రసంగీకుడు ఇంటికి వచ్చి, "ఈ ఇంట్లో ఎవరిదో సందేహం అడ్డుపడింది" అన్నాడు. అందరూ తల దించుకున్నారు. ఆ సందేహం ఎవరిదో నాకు తెలుసు. నరకం గురించి అడిగింది నేనే కదా. చాలా రోజులు అన్నం సహించలేదు. చివరికి ఒకనాటి సాయంత్రం నాయనమ్మ కాళ్లు పడుతూ చెప్పేశాను. ఆమె ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్నే గొడుగు తీసుకుని, ఆయన బస చేసిన ఊరికి నడిచి వెళ్లింది. అక్కడ జరిగింది ఆమె ఎప్పుడూ నోరు విప్పి చెప్పలేదు. చూసినవాళ్ల ద్వారా తర్వాత తెలిసింది. "పసివాడి నెత్తిన పెట్టకు. నీకు వాక్యం బాగా వచ్చు. నాకు ప్రభువు నీకన్నా ముందు నుంచి తెలుసు," అని, మంచినీళ్లు కూడా ముట్టకుండా తిరిగి వచ్చేసిందట.

మంచి శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా మా గుళ్లో ఏడు మాటల ధ్యానం. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటలను ఏడుగురికి పంచుతారు. మొదటిది, క్షమాపణ మాట, అందరూ అడిగేవారు. రెండోది దొంగ కథ, చెప్పడానికి రంజుగా ఉంటుంది. దాహం మాటకు బ్యారన్‌లో పనిచేసే ఒకాయన ఉండేవాడు. ఆయన చెబుతుంటే మా అందరి గొంతులూ ఎండిపోయేవి. నాలుగో మాట మాత్రం ఎవరికీ వద్దు. "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి?" దానికి పండితులు చెప్పే వివరణ ఉంది, లోకపాపమంతా ఆయన మీద పడింది గనుక తండ్రి మొహం తిప్పుకున్నాడని. అది అయిదు నిమిషాల్లో అయిపోతుంది. మిగిలిన సమయం నిలబడటం కష్టం.

తమ్ముడు పోయిన తర్వాత వచ్చిన మంచి శుక్రవారం నాయనమ్మ నాలుగో మాట అడిగి తీసుకుంది. ఆడమనిషి ముందుకు వచ్చి చెప్పడం పెద్దలకు ఇష్టం లేదు. అయినా వేరే ఎవరూ ముందుకు రాలేదు. ఎండకు పెంకులు చిటచిటమంటున్నాయి. ఆమె జేబులోంచి కళ్లజోడు తీసి, దారం చెవులకు చుట్టుకుని, వచనం చదివింది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. పిల్లల గుసగుసలు కూడా ఆగిపోయాయి. అప్పుడు అంది: "దీనికి ఆయన తండ్రి ఏమని జవాబిచ్చాడో ఈ పేజీలో వెతికాను. రాసి లేదు. వెనక పేజీలోనూ లేదు. ఉంటే నాకెవరైనా చూపించండి." ఇంకాసేపు నిలబడి, ఎవరూ చూపించకపోయేసరికి, కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని వచ్చి చాప మీద కూర్చుంది. మాస్టారు తడబడుతూ హార్మోనియం అందుకున్నారు.

అవిశ్వాసం నాకు ఎవరు నేర్పారని అడిగేవారికి, హైదరాబాదులో చదివిన పుస్తకాల పేర్లు చెబుతానేమోనని ఆశ. ఆ మధ్యాహ్నమే చాలు. కానీ విచిత్రం ఏమిటంటే, ఆ మాట అన్న మనిషి మర్నాడు ఉదయం మళ్లీ కుండలో పిడికెడు బియ్యం వేసింది. ఆదివారం తెల్లవారుజామునే సమాధుల తోటకు వెళ్లి, తమ్ముడి గుంట మీద కొవ్వొత్తి వెలిగించి, పునరుత్థాన పాట అందరికన్నా గట్టిగా పాడింది. నేను ఆమెలో మొదటి సగం మాత్రమే తీసుకున్నాను. రెండో సగం నాకు పట్టుబడలేదు.

ఆమె పోయాక బైబిలు నాకు వచ్చింది. యోబు గ్రంథం చివరి అధ్యాయంలో పెన్సిలు గీత ఉంది. తప్పు లేకుండా కష్టాలపాలైన యోబు అంతసేపు దేవుణ్ణి నిలదీస్తే, ముగ్గురు స్నేహితులు దేవుడి పక్షాన చక్కటి వివరణలు ఇస్తారు. చివర్లో దేవుడు కోప్పడేది ఆ స్నేహితుల మీద. నన్ను గురించి సరిగా మాట్లాడింది యోబే అంటాడు. ఆ వచనం కింద గీత ఎంత ఒత్తి గీసిందంటే, కాగితం అవతలి పక్క వేలితో తడిమితే తెలుస్తుంది.

పదో తరగతిలో దరఖాస్తులు నింపించిన రోజు ఇంకొకటి. బడి పుస్తకాల్లో నా పేరు వేరు, సంఘం పుస్తకంలో పేరు వేరు. మతం అనే గడిలో ఏమి రాయాలో నన్ను ఎవరూ అడగలేదు. "హిందూ అనే ఉండాలి, లేకపోతే స్కాలర్‌షిప్పు పోతుంది" అని మాస్టారు ఆయనే రాసేశారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులం హోదా హిందువులకే. తర్వాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. క్రైస్తవంలోకి వెళ్లిన దళితుడికి మాత్రం మన రాష్ట్రంలో మిగిలేది బీసీ-సి గుంపు, అందులో ఒక్క శాతం రిజర్వేషను. ఊళ్లో మాకు నీళ్లు పోసే తీరు గుండ్లకమ్మలో మునిగాక ఏమీ మారలేదు. కాగితం మీద మాత్రం మారిపోవాలట!

ఇంటికి వచ్చి చెబితే నాన్న, "కైసరువి కైసరుకు" అన్నారు, రాజుకు చెల్లాల్సింది రాజుకు ఇచ్చేయమని. పెద్దలందరూ అదే వాక్యం వాడుకునేవారు, దానిని ఆ గడి కోసమే రాసినట్టు. నాకు ప్రభువు శిష్యుడు పేతురు గుర్తొచ్చాడు. కోడి కూయకముందు ఆయన ముమ్మారు ప్రభువును ఎరగనని బొంకాడు. మేము దరఖాస్తు పెట్టినప్పుడల్లా బొంకుతున్నాం. ఆదివారం సాక్ష్యం చెప్పి సోమవారం తహసీల్దారు ఆఫీసులో కాదనడం మా అందరికీ ఎంత అలవాటైపోయిందంటే, దాని గురించి ప్రసంగంలో ఒక్క మాట కూడా ఎప్పుడూ వినలేదు. ఇందులో తప్పు మా పేదవాళ్లది అనను. చదువుకోవాలి, బతకాలి. కానీ నమ్మినదాన్ని కాదంటే గానీ బతకనివ్వని దేశంలో, నమ్మకం ఎంతవరకు నాది, ఎంతవరకు సౌకర్యం అని ఆ వయసులో తేల్చుకోలేకపోయాను.

విజయవాడలో చదువుకునేటప్పుడు కొన్నాళ్లు పటమటలో నాస్తిక కేంద్రం వైపు తిరిగాను. నాస్తికవాది గోరాగారు 1940లో ముదునూరులో మొదలుపెట్టి, 1947లో విజయవాడకు మార్చిన కేంద్రం అది. హేతువాద సభల్లో నిప్పుల మీద నడిచి చూపించేవారు, బాబాల గుట్టు విప్పేవారు. నాకు చాలా ఇష్టంగా ఉండేది. దేవుడు లేడని రుజువు చేయడానికి వారికి పట్టే సమయంలో మా నాయనమ్మ ఒక ప్రార్థన కూడా ముగించేది కాదు. అయితే వారి వాదనలో ఎక్కువ భాగం పురాణాల మీద, యజ్ఞయాగాల మీద. అవి మా ఇంట్లో ఎప్పుడూ లేవు. నా గొడవ ఉన్న దేవుడితో. లేడని తేల్చేస్తే తమ్ముడి సంగతి ఎవరిని అడగాలి? ఆ మాట ఒక మిత్రుడితో అంటే, అది తర్కం కాదన్నాడు. కాదు, నిజమే.

మొన్న గుడి గోడల దగ్గర బావతో పెద్ద వాదనే జరిగింది. కొత్త గుడికి నాలుగు స్పీకర్లు పెడుతున్నారు. స్వస్థత కూటాలకు బయటి నుంచి ప్రసంగీకులను పిలుస్తారట. పత్రికలో ఫోటోలు, పక్కన కుంటివారు నడుస్తున్న బొమ్మలు. "బావా, ఎవరి ఇంటికైనా వచ్చి సందేహం అడ్డుపడిందని మాత్రం చెప్పనివ్వకు" అన్నాను. ఆయనకు తమ్ముడి కథ తెలుసు. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అందుకే నిన్ను పిలిచింది. ప్రతిష్ఠ నాటికి సంఘ చరిత్ర సంచిక వేస్తున్నాం. ఈ ఊళ్లో నీకన్నా బాగా రాసేవాడు లేడు. నమ్మకం సంగతి తర్వాత చూద్దాం, చరిత్ర రాసిపెట్టు" అన్నారు.

రాస్తానన్నాను. క్లౌ దొర, కాలువ, గుండ్లకమ్మ, బైబిలు స్త్రీలు, రైలు పట్టా గంట, కోత పండుగ వేలం అన్నీ రాస్తాను. దరఖాస్తులో మతం గడి గురించి కూడా ఒక పేజీ రాస్తానన్నాను. ఆయన ఉలిక్కిపడ్డారు. "అది ముద్రిస్తే పిల్లల సర్టిఫికెట్లకు ఎసరు వస్తుంది, వద్దు" అన్నారు. ఆ భయం ఉత్తదేమీ కాదు. సరే, ఎవరి పేరూ లేకుండా రాస్తానన్నాను. పేరు లేకపోయినా ఊరు తెలుస్తుందన్నారు. మరి నాలుగో మాట మధ్యాహ్నం సంగతి? "అది రాయి" అన్నారు వెంటనే. తర్వాత ఆలోచించి, "చివర్లో ఆమె ఈస్టరు నాడు పాట పాడిన సంగతి కూడా రాయాలి" అన్నారు. రెండూ రాస్తాను గానీ, రెండోది మొదటిదానికి జవాబు అన్నట్టు రాయనని చెప్పాను. అక్క అన్నానికి పిలుస్తున్నా ఇద్దరం కదల్లేదు. చివరికి ఆమే వచ్చి, ముందు తిని తర్వాత కొట్టుకోమని చెప్పి ఇద్దరినీ లోపలికి తీసుకెళ్లింది.

మొదటి రెండు భాగాలు పంపించాను. బావ ఎర్ర సిరాతో దిద్ది తిప్పి పంపారు. 2,222 అంకె చుట్టూ సున్నా చుట్టి "స్తోత్రం" అని రాశారు. మతం గడి పేజీ మీద ఏమీ రాయలేదు, కొట్టివేయనూ లేదు. మూడో భాగం రాస్తున్నాను.